రెండు పెట్టెల నడుమ నిలువని గాత్రము

సరయూ తీరమున, చీకటిలో, కడవలో నీరు నిండు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి దశరథుడు బాణము విడిచిన కథ మన పిల్లలకు సయితము తెలిసినదే. ఆ కథలోని విషాదమును తలచుకొన్నంతగా అందలి శాస్త్రవిషయమును మనము తలచుకొనము. దశరథుడు పొరపడినది చప్పుడు చేసినది ఎవరన్న విషయమున. అది ఎచ్చటినుండి వచ్చెనన్న విషయమున ఆయన చెవి పొరపడలేదు. బాణము సరిగా ఆ చోటికే పోయి తగిలినది. ఈ శబ్దవేధి విద్య రాజులకు మాత్రమే చెందినదనుకొనరాదు. వెనుక సైకిలు గంట మ్రోగినపుడు తిరిగి చూడకయే మనము ఏ ప్రక్కకు తొలగవలెనో గ్రహింతుము. ఉయ్యెలలోని బిడ్డ తల్లి పిలిచిన దిక్కునకే తల త్రిప్పును.

మానవుని చెవికి గల యీ నేర్పును ఆధారము చేసికొనియే స్టీరియో యను సాధనము పుట్టినది. ఎదుట రెండు లౌడ్‌స్పీకరు పెట్టెలుండును. పాట మొదలిడినంతనే గాయకుడు ఆ రెంటి నడుమ, ఏమియు లేని ఖాళీ చోట నిలిచి పాడుచున్నట్లు తోచును. వయొలిను ఒక ప్రక్కను, మృదంగము వేరొక ప్రక్కను అమరును. కన్నులు మూసికొన్నచో పెట్టెలు మాయమై కచేరీ వేదిక మిగులును. దీనినే మనము ధ్వనిబింబము అని పిలువవచ్చును. సమతల దర్పణము వెనుక ఏ వస్తువు లేకున్నను అచ్చట ప్రతిబింబము కనబడుచున్నది గదా! దానిని మిథ్యా ప్రతిబింబమని భౌతికశాస్త్ర వాచకములు చెప్పుచున్నవి. ఇది కంటికి గాక చెవికి దొరకు మిథ్యా ప్రతిబింబము.

ఉత్సాహవంతులైన విద్యార్థులు కొందరు ఇండ్లలో స్వయముగా స్పీకరు పెట్టెలు చేసికొనుట కలదు. ప్లైవుడ్ పలకలు కోయించి, అంగడిలో వూఫరులు, ట్వీటరులు కొనితెచ్చి, వారముల తరబడి శ్రమించి పెట్టెలు బిగింతురు. శబ్దము గంభీరముగానే వచ్చును. కాని ఎదుట కూర్చొని వినగా గాత్రము ఒక పెట్టెను అంటిపెట్టుకొని యుండును. లేదా గదియంతట చెదరి, ఇదమిత్థమని చూపుటకు వీలులేక పోవును. అంతట ఆ విద్యార్థి, 'స్పీకర్లు నాసిరకమైనవి' అని నిశ్చయించి, మరల అంగడికి పోయి మరింత వెలగల స్పీకర్లు తెచ్చును. వానితోను గాత్రము నడుమ నిలువదు. డబ్బు పోవుట యొక యెత్తు. తన చేతిపని మీద తనకు నమ్మకము పోవుట మరియొక యెత్తు. ఈ రెండవ నష్టము పూడ్చుకొనుట కష్టము.

అధిక సందర్భములలో దోషము వస్తువుల నాణ్యములో లేదు. ఒక పెట్టెకును రెండవ పెట్టెకును గల భేదములో ఉన్నది. లేదా ఆ రెండు పెట్టెలున్న గది యొక్క రెండు ప్రక్కలకు గల భేదములో ఉన్నది. ఆ భేదమెచ్చట నున్నదో ఒక్క రూపాయి ఖర్చు లేకుండ కనుగొనవచ్చును. ఆ మార్గమును వివరించుటయే యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

మాట వెనుక కథ

స్టీరియో యనగా 'రెండు' అని అర్థమని పలువురు భావింతురు. అది సరికాదు. గ్రీకు భాషలో 'స్టెరెయోస్' అను పదమునకు గట్టిది, ఘనమైనది అని అర్థము. పొడవు, వెడల్పు, లోతు గల వస్తువును గణితములో మనము ఘనమందుము. అట్లే స్థలమును, విస్తారమును గల ధ్వని స్టీరియో ధ్వని. రెండు పెట్టెలు దానికి సాధనములు మాత్రమే. రెండు పెట్టెలున్నంత మాత్రమున స్టీరియో కాదు. వాని నడుమ స్థలము వినబడిననే అది స్టీరియో.

ఈ విషయము మొదట బయటపడినది టెలిఫోను వలన. 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ ప్రదర్శనమున క్లెమాఁ ఆదేర్ అను ఇంజనీరు ఆపెరా రంగస్థలము మీద టెలిఫోను ప్రేషకములను వరుసగా అమర్చి, దూరమున నున్న శ్రోతలకు చెవికొక గొట్టము చొప్పున అందించెను. రెండు చెవుల విన్నవారికి గాయకులు వేదికపై ఇటునటు కదలుట తెలిసినది. తరువాత ఇంగ్లండులో లార్డ్ రేలీ 1907లో చెవి దిక్కును గుర్తించు తీరును వివరించెను. మంద్రస్వరములకు రెండు చెవులను చేరుటలో గల కాలభేదము, తారస్వరములకు తల అడ్డుపడుటచే కలుగు బలభేదము ఆధారములని ఆయన చెప్పినది నేటికిని స్థూలముగా నిలిచియున్నది.

లౌడ్‌స్పీకరులతో దీనిని సాధించు మార్గమును పూర్తిగా ఆలోచించినవాడు అలన్ బ్లుమ్‌లైన్ అను ఇంగ్లీషు ఇంజనీరు. సినిమాలో నటుడు తెరమీద ఒక ప్రక్కనుండగా అతని మాట వేరొక చోటనుండి వచ్చుట గమనించి, దానిని సరిదిద్దు ఉపాయము తనకు తెలియునని ఆయన భార్యతో అన్నట్లు చెప్పుదురు. 1931 డిసెంబరులో ఆయన దాఖలు చేసిన పేటెంటు 1933లో అంగీకరింపబడినది. ఒకే గ్రామఫోను గాడి యొక్క రెండు గోడలపై రెండు ధ్వనిమార్గములను చెక్కుట సయితము అందే యున్నది. 1934 జనవరిలో లండనులోని ఆబే రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహణమున మొట్సార్టు సింఫనీని ఆయన ఆ పద్ధతిలో రికార్డు చేసెను. 1942లో యుద్ధకాలమున విమాన ప్రమాదములో బ్లుమ్‌లైన్ మరణించినపుడు ఆయన వయస్సు 38 సంవత్సరములు. స్టీరియో గ్రామఫోను రికార్డులు విరివిగా అంగళ్లకు వచ్చినది 1958లో. తన విత్తనము చెట్టై కాచుటను ఆయన చూడలేదు.

చెవి ఎంత సూక్ష్మమైనది?

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోవును. అనగా ఒక మిల్లీ సెకనులో, సెకనులోని వెయ్యవ వంతులో, 34 సెంటీమీటర్లకు పైగా సాగును. మనకు పూర్తిగా కుడిప్రక్క చప్పుడైనచో అది ఎడమచెవిని చేరుట మిల్లీ సెకనులో సుమారు 65 పాళ్లు ఆలస్యమగును. అంతకు మించి ఆలస్యమగుటకు తల వెడల్పు చాలదు. ఈ స్వల్పావకాశములోనే మెదడు దిక్కులన్నిటిని లెక్కగట్టవలెను. అభ్యాసము గలవారు, అనుకూలమైన పరిస్థితులలో, సెకనులో లక్షవ వంతు ప్రాంతపు భేదమును సయితము పసిగట్టుదురని పరీక్షలలో తేలినది. ఎదుటనున్న ధ్వని ఒక డిగ్రీ కోణము జరిగినను గుర్తింపగలుగుదురు.

ఇంతటి సూక్ష్మగ్రాహిని మభ్యపెట్టి, లేని చోట గాయకుని నిలుపదలచితిమి. అందుకు రెండు పెట్టెలనుండి ఒకే ధ్వని, ఒకే బలముతో, ఒకే క్షణమున మన చెవులను చేరవలెను. అపుడే అది నడుమనుండి వచ్చినట్లు తోచును. ఒక పెట్టె బలము పెరిగిన కొలది బింబము అటు జరుగును. భేదము సుమారు 15 డెసిబెళ్లు దాటినచో ఆ పెట్టెలోనికే పోవును. ఒక పెట్టె ధ్వని ముందుగా చేరినను అట్లే జరుగును. ఒక మిల్లీ సెకను ముందు చేరిన పెట్టెయే పాడుచున్నట్లు తోచును. ఈ రెండు సూత్రములను చేతబట్టుకొన్నవానికి దోషము పట్టుట సులభము.

మొదటి పరీక్ష: మోనో రికార్డు

స్టీరియో సరిగా నున్నదో లేదో తెలియుటకు మొదట స్టీరియో రికార్డు పెట్టరాదు. అందులో ఏ వాద్యము ఎచ్చట నుండవలెనో రికార్డు చేసినవారికి తెలియును గాని మనకు తెలియదు. మోనో రికార్డు పెట్టవలెను. మోనోలో రెండు పెట్టెలకును అందునది ఒకే ధ్వని గనుక అంతయు నడుమనే వినబడవలెను. 1950 ప్రాంతముల ఘంటసాల పాడిన చిత్రగీతములు మోనోలో రికార్డయినవే. అయితే పాత పాటలకు కొన్నిటికి తరువాతి కాలమున కృత్రిమముగా స్టీరియో రూపము కల్పించిరి, అట్టివి పనికిరావు. అనుమానమున్నచో సెల్‌ఫోనులో వినికిడి లోపము గలవారి సౌకర్యార్థము ఉంచిన అమరికలలో 'మోనో ఆడియో' అను మీట యుండును. దానిని నొక్కినచో ఏ పాటయైనను మోనో యగును. పరీక్ష ముగిసిన పిదప దానిని మరల తీయుట మరువరాదు. ఆ మీట ఎపుడో నొక్కబడి యుండుటచే, స్టీరియో లేదని పెట్టెలను నిందించుటకు అవకాశము కలదు. కావున దానిని అన్నిటికంటె ముందుగా చూడవలెను.

పెట్టెలు రెండింటికి నడుమ ఎంత దూరమో, మీ తలకు ఒక్కొక్క పెట్టెకు అంత దూరముండునట్లు కూర్చొనుడు. అనగా సమబాహు త్రిభుజము. కన్నులు మూసికొని, గాత్రమెచ్చటనున్నదో వ్రేలితో చూపుడు. అది నడుమ, మనిషి నోరంత చోట నిలిచినచో పెట్టెలు, గది సరిగానున్నవి. లేనిచో మూడు విధములుగా నుండవచ్చును. గాత్రము ఒక ప్రక్కకు ఒరగియుండవచ్చును. మంద్రము పలుచబడి, గాత్రము ఎక్కడనో గాలిలో చెదరి యుండవచ్చును. లేదా నడుమనే యుండియు, పెట్టెనుండి పెట్టెకు తెరవలె పరచుకొని యుండవచ్చును. రోగలక్షణమును బట్టి వైద్యము మారును.

చెదరిన గాత్రము

రెండవ లక్షణముతో ప్రారంభింతము. అది పట్టుటకు మిక్కిలి సులభము. ఒక పెట్టెకు తీగలు తలక్రిందులుగా కలిపినపుడు ఇట్లగును. ఒక కోను ముందునకు వచ్చునపుడు రెండవది వెనుకకు పోవును. మంద్రస్వరములలో ఒకదానినొకటి రద్దు చేసికొనును. దీనికి పరీక్ష: రెండు పెట్టెలను జానెడు ఎడముతో ఎదురెదురుగా నిలిపి మోనో పాట పెట్టుడు. ఒక పెట్టె తీగలు మార్చి మరల వినుడు. మంద్రము నిండుగా నున్న అమరికయే సరియైనది.

పెట్టె లోపల కూడ చూడవలెను. ఒక పెన్సిలు సెల్లు తీసికొని, ఆంప్లిఫయరు తీగలను తొలగించి, వూఫరుకు ఒక క్షణము తాకింపుడు. సెల్లు యొక్క ధనధ్రువము వూఫరు ధనకొసకు తగిలినపుడు కోను ముందుకు ఉబుకవలెను. రెండు పెట్టెలలోను ఒకే తీరున జరుగవలెను. ట్వీటరుకు ఈ పరీక్ష పనికిరాదు; దాని కదలిక కంటికి కనబడదు. దాని తీగలను క్రాసోవరునుండి వ్రేలితో వెంబడించియే చూడవలెను. కొన్ని క్రాసోవరులలో ట్వీటరును కావలెననియే తిరుగవేయుదురు. అది దోషము కాదు. ఒక పెట్టెలో తిరుగవేసి, రెండవదానిలో వేయకుండుటయే దోషము.

ఒరగిన గాత్రము

గాత్రము ఎల్లపుడు కుడికి ఒరగుచున్నదనుకొందము. కారణము పాట వచ్చు సాధనములో నుండవచ్చును, ఆంప్లిఫయరులో నుండవచ్చును, పెట్టెలో నుండవచ్చును, గదిలో నుండవచ్చును. నలుగురు అనుమానితులు. వీరిలో దొంగను పట్టుటకు ఒకే యుపాయము: కుడి ఎడమలను మార్చుట. మార్చు ప్రతిసారి ఆంప్లిఫయరును ఆపివేయవలెను. ఒకసారి ఒక్కటియే మార్చవలెను.

మొదట ఆంప్లిఫయరునకు పాటను తెచ్చు రెండు తీగలను తారుమారు చేయుడు. గాత్రము ఎడమకు పోయినచో దోషము సాధనములోనో, ఆ తీగలోనో కలదు. కుడిననే యున్నచో సాధనము నిర్దోషి; తీగలు యథాస్థానమున పెట్టుడు. తరువాత ఆంప్లిఫయరునుండి పెట్టెలకు పోవు తీగలను ఆంప్లిఫయరు వద్ద తారుమారు చేయుడు. గాత్రము ఎడమకు పోయినచో ఆంప్లిఫయరుదే దోషము. కుడిననే యున్నచో అదియు నిర్దోషి. ఇక తీగలు ఉన్నవి ఉన్నట్లుంచి, పెట్టెలనే ఎత్తి ఒకదాని చోట నొకటి పెట్టుడు. గాత్రము ఎడమకు పోయినచో పెట్టెలు రెండును సమానము కావు. అపుడును కుడిననే యున్నచో దోషము గదిది. మూడు మార్పులు, పావుగంట కాలము. బీజగణితములో అవ్యక్తరాశులను ఒక్కొక్కదానినే తొలగించుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

దోషము పెట్టెలదని తేలినపుడు అదే పద్ధతిని లోపలికి కొనసాగింపవచ్చును. రెండు పెట్టెల క్రాసోవరులను మార్చి వినుడు, అటుపిమ్మట ట్వీటరులను, అటుపిమ్మట వూఫరులను. ఏది మార్చినపుడు గాత్రము అటు దూకునో అదియే కారణము. తరచుగా కనబడు కారణములు కొన్ని కలవు. ఒక స్పీకరు 8 ఓములది, రెండవది 4 ఓములది యైనచో, చూపునకు ఒకటిగా నున్నను, ఒకే వోల్టేజి వద్ద రెండవది రెట్టింపు శక్తిని గుంజుకొనును; మిగిలినవన్నియు సమానమైనచో 3 డెసిబెళ్లు ఎక్కువ పలుకును. ఒక పెట్టెలో దూది నింపి రెండవదానిలో తక్కువ నింపుట, ఒక పెట్టె కీలులో సందుండి గాలి కారుట కూడ ఇట్టివే. గాలి కారు చోట మంద్రస్వరముల వేళ అరచేయి పెట్టినచో ఊపిరి తగిలినట్లుండును. అచ్చట వడ్రంగి జిగురుతోనో, పుట్టీతోనో సందు పూడ్చవలెను.

తెరవలె పరచుకొన్న గాత్రము

ఇది కొంచెము సూక్ష్మమైనది. గాత్రములో ఒకే స్వరముండదు. మూలస్వరముతో పాటు దాని పై స్వరములు పెక్కులుండును. అవి అన్నియు ఒకే చోట వినబడిననే అది ఒక మనిషి గొంతు. మూలస్వరము కొంచెము ఎడమకు, సకారపు సవ్వడి కొంచెము కుడికి జరిగినచో నోరు వెడల్పయినట్లు తోచును.

ఇందులకు మొదటి కారణము క్రాసోవరులోని కెపాసిటరు. 8 ఓముల ట్వీటరుకు 6.8 మైక్రోఫారడుల కెపాసిటరు వాడితిరనుకొందము. లెక్క ప్రకారము ట్వీటరు సుమారు 2,900 హెర్ట్‌జుల వద్ద అందుకొనును. కాని కెపాసిటరు మీద వ్రాసిన విలువకు నూటికి పది పాళ్లు అటునిటు నుండవచ్చునని తయారుచేయువారే చెప్పుదురు. ఒకటి పది పాళ్లు తగ్గి, రెండవది పది పాళ్లు పెరిగినచో, ఒక పెట్టెలో 3,250 వద్దను, రెండవ పెట్టెలో 2,650 వద్దను ఆ మార్పు జరుగును. ఈ నడుమ నున్న స్వరములు రెండు పెట్టెలనుండి రెండు తీరులుగా వచ్చును. నాలుగైదు కెపాసిటరులు కొని, కళాశాల ప్రయోగశాలలోని మీటరుతో కొలిచి, విలువ కలిసిన జతను ఏరుకొనుట దీనికి మందు.

రెండవ కారణము వడ్రంగముది. ట్వీటరును పలకకు నడుమ గాక ఒక ప్రక్కగా అమర్చుట తప్పు కాదు. కాని రెండు పెట్టెలలోను ఒకే ప్రక్కన అమర్చరాదు. మన రెండు చేతులవలె ఒకటి రెండవదానికి దర్పణ ప్రతిబింబముగా నుండవలెను. మందపు పలకకు లోపలి వైపునుండి స్పీకరు బిగించినచో దాని ముందు చిన్న బావి యేర్పడును. ధ్వని ఆ బావి గోడలను తాకి చెదరును. పలకను పైనుండి చెక్కి, స్పీకరు అంచు పలకతో సమముగా కూర్చొనునట్లు చేయవలెను. ముందు గుడ్డ బిగించు చట్రము ఎత్తుగా నున్నను ఇదే బాధ. దానిని తీసివైచి విని చూడుడు. పెట్టె అంచులు పదునుగా నున్నచో అచ్చట ధ్వని మరల పుట్టినట్లై, అసలు ధ్వని వెంట ఒక మిల్లీ సెకను లోపుననే చెవిని చేరును. అంచులను ఆకురాయితో గుండ్రము చేయుట మంచిది.

గది చేయు మాయ

పెట్టెలు నిర్దోషులని తేలిన పిదప గదిని చూడవలెను. మన యిండ్లలో ముందుగది ఒక ప్రక్క సిమెంటు గోడ, రెండవ ప్రక్క వాకిలియో, వసారాయో యుండుట సామాన్యము. గోడకు తగిలిన ధ్వని తిరిగి చెవికి వచ్చును. వాకిలి వైపు ధ్వని బయటికి పోవును. పెట్టెలు రెండు మీటర్ల ఎడమున, గోడ కుడి పెట్టెకు అర మీటరు దూరమున నున్నదనుకొన్నచో, గోడకు తగిలి వచ్చు దారి నేరుగా వచ్చు దారికంటె సుమారు 65 సెంటీమీటర్లు అధికము; అనగా దాదాపు రెండు మిల్లీ సెకనులు ఆలస్యము. జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనములో చూపినట్లు, ఇట్లు వెంటనే వచ్చు ప్రతిధ్వనిని చెవి వేరుగా వినదు. మొదటి ధ్వనితో కలిపివేయును. వేరుగా వినకపోయినను దాని ప్రభావము పోదు. గాత్రము గోడ వైపు సాగును, వెడల్పగును.

ఆ ధ్వని గోడను తాకు చోటును కనుగొనుటకు ఎనిమిదవ తరగతి పాఠము చాలును. పతనకోణము, పరావర్తనకోణము సమానము. మీరు కూర్చుండవలసిన చోట కూర్చొనుడు. మరియొకరు ఒక చిన్న అద్దమును ట్వీటరు ఎత్తున గోడవెంట జరుపుచు పోవలెను. అద్దములో మీకు ట్వీటరు కనబడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టింపుడు. ఆ గుర్తు మీద దళసరి బొంతయో, పరుపో వ్రేలాడదీసి విని చూడుడు. పలుచని తెర చాలదు. మేలు కనబడినచో దానినే స్థిరపరుపవచ్చును. పెట్టె ప్రక్కన బీరువా యున్నచో అది కూడ గోడయే. దానిని జరుపవలెను, లేదా పెట్టెలనే ఆ గదిలో రెండు ప్రక్కలు సమానముగా నున్న గోడకు మార్చవలెను.

పెట్టెల ఎత్తు కూడ చూడవలెను. ఒక పెట్టెను బల్లమీదను, రెండవదానిని అటకమీదను ఉంచినచో ఎట్టి వైద్యమును పనిచేయదు. కుర్చీలో కూర్చొన్నవాని చెవి నేలకు సుమారు ఒక మీటరు ఎత్తుననుండును. చాపమీద కూర్చొని వినువాడు అందుకు తగ్గట్లు పెట్టెలను దించుకొనవలెను. ట్వీటరులు రెండును ఆ ఎత్తుననుండవలెను. నుదుటినుండి రెండు పెట్టెలకు పురికొసతో కొలిచినచో పొడవు సమానముగా రావలెను. పెట్టెలను మిక్కిలి దూరముగా జరిపినచో నడుమ గొయ్యి పడును, గాత్రము రెండుగా చీలును. మిక్కిలి చేరువ చేసినచో వేదిక కుంచించుకొని పోవును.

ఎంత చేసినను ఒక పరిమితి మిగులును. రెండు మీటర్ల త్రిభుజములో మీరు ప్రక్కకు 30 సెంటీమీటర్లు జరిగినచో రెండు పెట్టెల దూరములలో భేదము దాదాపు అంతయే యగును. అనగా మిల్లీ సెకనులో సుమారు 86 పాళ్లు. గాత్రము దగ్గరి పెట్టెలోనికి దూకును. ఇది దోషము కాదు, రెండు పెట్టెల పద్ధతి యొక్క స్వభావము. నలుగురు బల్లమీద వరుసగా కూర్చొని విన్నపుడు నలుగురికిని గాత్రము నడుమ నిలువదు. ఆ విషయము తెలియక కొందరు సరియైన పెట్టెలను పాడుచేసికొందురు.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ పరీక్షలను పాఠశాలలో ఒక్క పీరియడులో చేయింపవచ్చును. రెండు పెట్టెల నడుమ గోడమీద సుద్దతో ఒక అడ్డగీత గీసి, దానిని సమభాగములుగా విభజించి అంకెలు వేయవలెను. విద్యార్థి కుర్చీలో కూర్చొని, కన్నులు మూసికొని, గాత్రమున్న చోటును బెత్తముతో చూపవలెను. వేరొకడు ఆ అంకెను పుస్తకములో వ్రాయవలెను. తీగలు మార్చినది, బొంత వ్రేలాడదీసినది కూర్చొన్నవానికి చెప్పరాదు. ఏమి మారెనో ముందుగా తెలిసినచో చెవి ఆ తెలివినే వినును. పదిమంది విడివిడిగా చూపిన అంకెలు ఒకటిగా నున్నచో అది నమ్మదగినది. చెదరియున్నచో బింబమే చెదరియున్నది.

తరగతిలో ఒక పిల్లవాని అంకెలు తక్కినవారి అంకెలతో ఎన్నిమార్లు చూచినను కలియక, ఒకే ప్రక్కకు ఒరగుచున్నచో ఉపాధ్యాయుడు దానిని నవ్వులాటకు వదలరాదు. ఆ పిల్లవానికి ఒక చెవి వినికిడి తక్కువ కావచ్చును. అతనిని వేరుగా పిలిచి, తల్లిదండ్రులకు చెప్పి, వైద్యునకు చూపింపుమని కోరవలెను. అంతవరకు అతనిని మంచి చెవి ఉపాధ్యాయుని వైపుండునట్లు ముందు బల్లమీద కూర్చుండబెట్టవలెను.